హైపేషియా అనని మాట, హైపేషియా చేసిన పని

ఏటా మహిళా దినోత్సవం దగ్గర పడేసరికి వాట్సాప్ గ్రూపుల్లో ఒక బొమ్మ తిరగడం మొదలవుతుంది. పక్క నుంచి చూపిన ఒక స్త్రీ ముఖం. కింద ఒక వాక్యం: ఆలోచించే హక్కును వదులుకోకండి, అసలు ఆలోచించకపోవడం కన్నా తప్పుగా ఆలోచించడమైనా నయం అని. ఆ కింద సంతకంలా హైపేషియా అనే పేరు. మాట బాగుంది, బొమ్మా బాగుంది. చిక్కల్లా ఆ రెండూ ఆమెవి కాకపోవడమే. 1908లో ఎల్బర్ట్ హబ్బర్డ్ అనే అమెరికా రచయిత గొప్ప గురువుల జీవితాలు రాస్తూ హైపేషియా గురించీ రాశాడు. ఆధారం దొరకని చోటల్లా సొంతంగా అల్లుకుంటూ పోయాడు. ఆ వాక్యం ఆయన అల్లికే. ఆ బొమ్మ కూడా ఆయన పుస్తకం కోసం జూల్స్ గాస్పర్ అనే చిత్రకారుడు ఊహించి గీసినదే.

పదహారు వందల ఏళ్ల కిందట ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో బతికిన ఈ గణితవేత్త సొంత మాట ఒక్కటంటే ఒక్కటి కూడా మనకు దక్కలేదు. ఉన్నదంతా ఇతరులు ఆమె గురించి రాసింది, లేదా ఆమెకు రాసింది. రాసిన ప్రతివాడికీ ఆమెతో ఏదో ఒక అవసరం ఉంది. ఒకడికి బిషప్‌ను దుయ్యబట్టాలి, ఇంకొకడికి అదే బిషప్‌ను మెచ్చుకోవాలి. కాబట్టి హైపేషియా కథ చదివేవాళ్లు ముందు ఆ కథ చెబుతున్నది ఎవరు, ఎందుకు అని అడగడం అలవాటు చేసుకోవాలి. అలా అడుగుతూ పోతే ఆమె చావు గురించి మనకున్న కథలు పలచబడతాయి. ఆమె పని మాత్రం, విచిత్రంగా, చిక్కబడుతుంది.

పని దగ్గరే మొదలుపెడదాం. తండ్రి థియోన్ గణితం, ఖగోళం చెప్పే పండితుడు. వాళ్లింటి విద్య ఏమిటంటే పాత గ్రంథాలను చేతపట్టి, ప్రతులు సరిచూసి, తప్పులు దిద్ది, అర్థం కాని చోట వివరణ రాసి, విద్యార్థులు చదువుకోగలిగే రూపంలో నిలబెట్టడం. థియోన్ పరిష్కరించిన యూక్లిడ్ రేఖాగణితం ఎంతగా పాతుకుపోయిందంటే, దాదాపు పద్నాలుగు వందల ఏళ్లపాటు ప్రపంచం చదివిన యూక్లిడ్ అదే. నెపోలియన్ సేనలు వాటికన్ నుంచి పారిస్‌కు పట్టుకుపోయిన గ్రంథాల్లో, థియోన్ చెయ్యి పడని పాఠం ఉన్న ఒక ప్రతిని 1808లో పెరార్డ్ అనే ఫ్రెంచి పండితుడు గుర్తించేదాకా ఆ సంగతే తేలలేదు.

టాలమీ ఖగోళ గ్రంథం అల్మాజెస్ట్‌కు థియోన్ వ్యాఖ్యానం రాశాడు. అందులో మూడో అధ్యాయం మొదట్లో ఒక మాట ఉంది: ఈ ప్రతిని నా కుమార్తె, తత్త్వవేత్త హైపేషియా పరిష్కరించింది అని. హైపేషియా గురించి ఆమె బతికుండగా, ఆమె ఇంట్లోనే, ఆమె పని గురించి పుట్టిన వాక్యం ఇది. నా మటుకు నాకు, ఆమె మీద తీసిన సినిమాలన్నిటికన్నా ఈ ఒక్క వాక్యం బరువైనది. తండ్రి ఆమెను గణితజ్ఞురాలు అనలేదు, తత్త్వవేత్త అన్నాడు. ఆ ఊళ్లో ఆ కాలానికి అది అంతకన్నా పెద్ద బిరుదు.

ఆమె పరిష్కరించింది తండ్రి వ్యాఖ్యానాన్నా, టాలమీ మూలాన్నా? చాలాకాలం పండితులు వ్యాఖ్యానాన్నే అనుకున్నారు. అలన్ కామెరాన్ అనే చరిత్రకారుడు మూలాన్నే అని వాదించాడు. మొదటి రెండు అధ్యాయాలకు మూలపాఠం తండ్రి దిద్దితే, మూడో అధ్యాయం నుంచి కూతురు అందుకుందన్నమాట. అదే నిజమైతే నేడు లోకం చదివే అల్మాజెస్ట్‌లో చాలా భాగం ఆమె చేతి మీదుగా వచ్చినట్టే.

మూడో అధ్యాయంలో ఉన్నది సూర్యుడి లెక్క. సంవత్సరానికి 365 రోజులు, దాని మీద రోజులో 60లో 14 వంతులు, 3600లో 48 వంతులు అని టాలమీ లెక్క. 360 డిగ్రీల చుట్టును ఇన్ని రోజులతో భాగిస్తే సూర్యుడు రోజుకు ఎంత కదులుతాడో వస్తుంది: 59 నిమిషాల 8 సెకన్లు, ఇంకా ఆ కిందికి అరవయ్యో వంతులు, మళ్లీ వాటిలో అరవయ్యో వంతులు. దశాంశాలు లేని కాలం. గంటలు, నిమిషాలు, సెకన్లు కలిసిన అంకెను అలాంటి మరో అంకెతో, కాగితం మీద, సెకన్ల కింద ఇంకో నాలుగు మెట్లు దిగేదాకా భాగించి చూడండి, తల తిరుగుతుంది. ఈ వ్యాఖ్యానంలో ఆ భాగహారాన్ని వరసలుగా, పట్టికలా పేర్చి చేసే పద్ధతి కనిపిస్తుంది. థియోన్ మిగతా చోట్ల చేసే తీరుకు ఇది కాస్త వేరు కాబట్టి ఇది కూతురు చేర్చిన మెరుగు అని కొందరు పరిశోధకుల అభిప్రాయం. పెద్ద సిద్ధాంతమేమీ కాదు. లెక్క చేసేవాడి చెయ్యి తడబడకుండా చేసిన ఏర్పాటు. క్లాసులో నిలబడి పిల్లలు ఎక్కడ జారిపడతారో చూసినవాళ్లకే తట్టే రకం.

పదో శతాబ్దపు బైజాంటిన్ విజ్ఞానకోశం సూదా ఆమె రచనలు మూడు చెబుతుంది. డయోఫాంటస్ బీజగణితానికి వ్యాఖ్య, శంకువును అడ్డంగా, ఏటవాలుగా కోస్తే వచ్చే వక్రాల మీద అపోలోనియస్ రాసిన గ్రంథానికి వ్యాఖ్య, ఖగోళ పట్టికల మీద ఒకటి. మూడూ పోయాయి.

ఇక్కడే చాలామంది పెదవి విరుస్తారు. వ్యాఖ్యలేనా, సొంతంగా ఏమీ కనిపెట్టలేదా అని. ఆ మాట మనం అనకూడదు. మెదక్ సీమ కొలిచెలమ నుంచి మల్లినాథ సూరి వ్యాఖ్య రాయకపోతే కాళిదాసును ఎంతమంది చదివి ఉండేవాళ్లు? మూలం కఠినం, చదివేవాళ్లు తక్కువ, రాయసకాడు ఎత్తిరాసిన ప్రతిసారీ ఒక తప్పు చేరుతుంది. నాలుగో శతాబ్దం చివరి అలెగ్జాండ్రియాలో గణితానికి కొత్త సిద్ధాంతాల కన్నా పాతవి చచ్చిపోకుండా చూసేవాళ్ల అవసరం ఎక్కువ ఉంది.

డయోఫాంటస్‌నే చూడండి. ఆయన రాసింది 13 సంపుటాలు, గ్రీకులో మిగిలింది 6. హైపేషియా వ్యాఖ్య ఆ ఆరింటి వరకే నడిచింది, వ్యాఖ్య ఉన్నవాటినే జనం ఎత్తిరాసుకున్నారు, మిగతావి రాలిపోయాయి అని పాల్ టానరీ అనే పండితుడు 19వ శతాబ్దంలో ఊహించాడు. ఊహే, కానీ ముచ్చటైన ఊహ. తరవాత 1968లో ఇరాన్‌లోని మషద్‌లో మరో నాలుగు సంపుటాలు అరబ్బీ అనువాదంలో బయటపడ్డాయి. ఆ అరబ్బీ పాఠంలో లెక్కలన్నీ విడమరిచి, సరిచూసి ఉండటం చూసి, అది హైపేషియా వ్యాఖ్య నుంచే దిగివచ్చిందేమో అన్నవాళ్లూ ఉన్నారు, కాదన్నవాళ్లూ ఉన్నారు. గ్రీకులో మిగిలిన రెండో సంపుటంలో ఎనిమిదో లెక్క ఒకటుంది: ఒక వర్గసంఖ్యను రెండు వర్గాల మొత్తంగా విడగొట్టమని. 16ను తీసుకుంటే 256/25, 144/25 వస్తాయి. ఒకటి 16/5 వర్గం, రెండోది 12/5 వర్గం. పదిహేడో శతాబ్దంలో ఫెర్మా అనే ఫ్రెంచి గణితజ్ఞుడు తన ప్రతిలో ఈ లెక్క పక్కనే, ఘనాలతో ఇలా చేయడం కుదరదు, రుజువు నా దగ్గరుంది, ఈ అంచులో పట్టదు అని రాసుకున్నాడు. ఆ అంచు మూడున్నర శతాబ్దాలు గణితజ్ఞులను నిద్రపోనివ్వలేదు. అంచు ఉండాలంటే ముందు పుస్తకం మిగలాలి కదా.

ఆమె ఆస్ట్రోలేబు అనే ఖగోళ పరికరాన్ని, ద్రవాల సాంద్రత కొలిచే పరికరాన్ని కనిపెట్టిందని నెట్‌లో ఎక్కడ చూసినా ఉంటుంది. ఆస్ట్రోలేబు, అంటే మన జ్యోతిషులు యంత్రరాజం అన్నది, ఆమెకు ముందునుంచీ ఉంది. దాని మీద ఆమె తండ్రే ఒక గ్రంథం రాశాడు. రెండోదాని కథ ఇంకా తమాషా. ఆమె శిష్యుడు సినీసియస్ ఒక ఉత్తరంలో, నా పరిస్థితి ఏమీ బాగాలేదు, నాకొక హైడ్రోస్కోపు చేయించి పంపండి అని అడుగుతాడు. అడిగి ఊరుకోకుండా పిల్లనగ్రోవి అంత గొట్టం, దాని పొడవునా గీతలు, నీళ్లలో నిటారుగా నిలబడేందుకు అడుగున బరువు అని వివరంగా చెబుతాడు. పాలకేంద్రంలో లాక్టోమీటరు చూసినవాళ్లకు వెంటనే తెలిసిపోతుంది. కనిపెట్టిన మనిషికే అదెలా ఉంటుందో ఎవరైనా వర్ణించి చెబుతారా? ఆ ఉత్తరం చెప్పేది వేరే సంగతి. లోహపు పరికరాలు చేయించగల పనివాళ్లు, వాళ్లకు లెక్క చెప్పగల గురువు అలెగ్జాండ్రియాలో ఉన్నారని.

ఈ సినీసియస్ లేకపోతే హైపేషియా మనకు ఒక హత్య వార్తగా మిగిలేది. నేటి లిబియాలోని సిరీన్ నుంచి వచ్చి ఆమె దగ్గర చదువుకున్న భూస్వామి కొడుకు. ఆమెకు రాసిన ఉత్తరాలు ఏడు మిగిలాయి. తన రచనలు రెండు పంపి, ఇవి బయటికి ఇవ్వొచ్చా లేదా మీరే తేల్చండి అంటాడు ఒకదాంట్లో. అతను తరవాత, 410 ప్రాంతంలో, టాలెమాయిస్‌కు క్రైస్తవ బిషప్ అయ్యాడు. గురువేమో పాత గ్రీకు మతంలో పుట్టిన ప్లేటో మార్గీయురాలు. అతనికి పెళ్లి చేసిందేమో అలెగ్జాండ్రియా బిషప్ థియోఫిలస్. అంటే క్రైస్తవులు ఒకవైపు, విజ్ఞానులు ఇంకోవైపు అని గీత గీసి చెప్పే కథ ఆమె తరగతి గదిలోకి రాగానే చెదిరిపోతుంది. ఆమె దగ్గర రెండు రకాలవాళ్లూ కలిసి కూర్చున్నారు.

తరగతిలో ఏం చెప్పేది? ప్లేటో, ప్లొటైనస్‌ల బాట. కంటికి కనిపించే వస్తువుల నుంచి కనిపించని మూలానికి మనసును ఎక్కించడం, గణితం అందుకు నిచ్చెన. వృత్తం గీస్తే వంకర పోతుంది, వృత్తం అనే భావం వంకర పోదు. డమాసియస్ అనే తరవాతి కాలపు తత్త్వవేత్త చెప్పిన ఒక కథ ఇక్కడ ముడిపడుతుంది. ఒక శిష్యుడు ఆమెను మోహించి వెంటపడితే తన ముట్టుగుడ్డ తెచ్చి చూపించి, నువ్వు ప్రేమిస్తున్నది దీన్ని, ఇందులో అందమేముంది అందట. నిజమో కల్పనో, కథ మాత్రం మొరటుదే. కానీ అది పాఠం కూడా. దేహం మీద ఆగిపోకు, పైకి చూడు అని.

మొదటి మహిళా గణితవేత్త అనే బిరుదు కూడా ఆమెకు తగిలించకుండా ఉంటే మంచిది. అదే ఊళ్లో ఆమెకు ముందు తరాల్లో పాండ్రోసియన్ అనే గణిత గురువు ఉండేది. పాపస్ అనే గణితజ్ఞుడు తన సంకలనంలో మూడో భాగాన్ని ఆమెను సంబోధిస్తూ రాశాడు, ఆమె శిష్యులను దెప్పిపొడుస్తూ. పందొమ్మిదో శతాబ్దపు పరిష్కర్త హుల్ట్ష్, గణితం చెప్పేది ఆడమనిషా అనుకున్నాడో ఏమో, రాతప్రతిలో స్త్రీలింగంలో ఉన్న సంబోధనను పుంలింగంగా దిద్దేశాడు. ఆమె తిరిగి ఆడమనిషి కావడానికి దాదాపు వందేళ్లు పట్టింది.

ఇక 415. చావు సంగతి చెప్పేముందు ఊరి రాజకీయం చూడాలి, అది లేకుండా ఏదీ అర్థం కాదు. 412లో థియోఫిలస్ చనిపోతే మేనల్లుడు సిరిల్ బిషప్ అయ్యాడు. ఊరి పాలన చక్రవర్తి నియమించిన గవర్నరు ఒరెస్టిస్‌ది. ఇద్దరూ క్రైస్తవులే. ఊరి మీద పెత్తనం ఎవరిది అన్నదే తగువు. వినోదాల మీద ఆజ్ఞలు చదువుతున్న సభలో సిరిల్ మనిషి హైరాక్స్‌ను ఒరెస్టిస్ అందరిముందూ కొట్టించాడు. తరవాత ఒక రాత్రి చర్చి తగలబడుతోందని కేకలు పెట్టి, ఆర్పడానికి పరిగెత్తుకొచ్చిన క్రైస్తవులను యూదుల్లో కొందరు చంపారు. తెల్లారాక సిరిల్ జనాన్ని వెంటేసుకుని యూదులను ఊళ్లోంచి తరిమేశాడు, వాళ్ల ఆస్తులు లూటీ అయ్యాయి. ఒరెస్టిస్ రాజధానికి ఫిర్యాదు రాశాడు. సిరిల్ సువార్త గ్రంథాన్ని ముందుపెట్టి రాజీకి రమ్మన్నాడు, ఒరెస్టిస్ రానన్నాడు. నైట్రియా ఎడారి నుంచి 500 మంది సన్యాసులు దిగి గవర్నరు రథాన్ని చుట్టుముట్టారు. నేను బాప్తిస్మం తీసుకున్నవాణ్ని అని అతను మొత్తుకున్నా వినలేదు. అమ్మోనియస్ అనేవాడు విసిరిన రాయి తలకు తగిలి రక్తం కారింది. వాణ్ని చిత్రహింసలు పెట్టి చంపారు. సిరిల్ వాణ్ని అమరవీరుడన్నాడు.

రాజీ ఎందుకు కుదరడం లేదు అన్న ప్రశ్నకు వీధి ఒక జవాబు తయారుచేసుకుంది. గవర్నరు తరచూ వెళ్లి మాట్లాడేది ఆ ఆడమనిషితో, మందు పెట్టింది ఆమే అని.

415 మార్చిలో, ఈస్టరుకు ముందరి ఉపవాస దినాల్లో, పీటర్ అనే చర్చి పాఠకుడు ముందు నడవగా గుంపు ఆమె బండిని ఆపింది. సీజరియం అనే చర్చిలోకి ఈడ్చుకుపోయి, బట్టలు ఊడదీసి, పెంకులతో చంపి, దేహాన్ని ముక్కలు చేసి, సినారన్ అనే చోట తగలబెట్టారు. గ్రీకు మూలంలోని మాట ఓస్త్రకా. కుండపెంకులకూ ఇంటికప్పు పెంకులకూ అదే మాట. ఇంగ్లీషు చరిత్రకారుడు గిబ్బన్ దాన్ని ఆల్చిప్పలు చేశాడు. అక్కణ్నుంచి ఆల్చిప్పలతో మాంసం గీకారనే వర్ణన వచ్చి, మన భాషల్లోకి కూడా దిగింది. గుంపు చేతికి అందేది పెంకే. తెలుగులో అనుకుంటే ఈ తప్పు అసలు పుట్టేదే కాదేమో.

ఈ వివరాలు చెప్పింది సోక్రటీస్ స్కొలాస్టికస్ అనే చర్చి చరిత్రకారుడు, ఘటన జరిగిన పాతికేళ్లలో. ఇది సిరిల్‌కూ అలెగ్జాండ్రియా చర్చికీ తెచ్చిన అప్రతిష్ఠ కొంచెం కాదని ఒక క్రైస్తవుడే రాశాడు కాబట్టి ఆ మాటకు విలువ ఉంది. అయినా తూకం మరవొద్దు. అతనికి ఇష్టమైన నొవేషియన్ శాఖ చర్చిలను మూయించింది ఈ సిరిలే. ఇక శతాబ్దం తరవాత రాసిన డమాసియస్ క్రైస్తవులంటే పడని తత్త్వవేత్త. హైపేషియా ఇంటి ముందు గుర్రాలు, జనం చూసి సిరిల్ అసూయతో ఈ పని చేయించాడంటాడు. ఏడో శతాబ్దపు కాప్టిక్ బిషప్ నికియు జాన్ దీనికి పూర్తిగా అవతలివైపు. ఆమె ఆస్ట్రోలేబులతో, వాద్యాలతో మాయ చేసే మంత్రగత్తె, చంపినవాళ్లు పుణ్యం చేశారు, ఊళ్లో చివరి విగ్రహారాధన అంతమైంది అని సంబరపడతాడు. ఒకే హత్య, మూడు పనులు. సిరిల్ స్వయంగా పురమాయించాడని సోక్రటీస్ ఎక్కడా అనలేదు. ఏడాదిన్నర తరవాత, 416లో బిషప్ వెనక తిరిగే పారబలానీ అనే సేవకుల సంఖ్యను 500కు తగ్గించి, ఎంపికను గవర్నరుకు అప్పగిస్తూ చక్రవర్తి శాసనం వచ్చింది. 418కల్లా సంఖ్య 600 అయింది, పెత్తనం తిరిగి బిషప్‌కే వెళ్లింది. పెనుగులాటలో గెలుపెవరిదో అక్కడ కనిపిస్తుంది.

అలెగ్జాండ్రియా మహాగ్రంథాలయాన్ని కాపాడుతూ చనిపోయిందన్నది ఇంకో కథ. ఆ గ్రంథాలయం అప్పటికే చరిత్ర. క్రీస్తుపూర్వం 48లో సీజర్ కాలపు మంటలు, 270ల్లో ఆరేలియన్ చక్రవర్తి యుద్ధంలో ఆ రాజవాడ అంతా నేలమట్టం కావడం జరిగిపోయాయి. గ్రంథాలయానికి అనుబంధంగా ఉండిన సెరాపియం గుడిని 391 ప్రాంతంలో కూల్చినప్పుడు హైపేషియా ఆ గొడవలో ఎక్కడా లేదు. తెర మీద కనిపించే నవయువతి కూడా నిజం కాదు. చనిపోయేనాటికి ముసలామె అని ఆరో శతాబ్దపు చరిత్రకారుడు మలాలస్ రాశాడు. తక్కువ లెక్క వేసుకున్నా నలభై దాటినట్టే.

ఆమెతో ప్రాచీన విజ్ఞానం ఆరిపోయిందనేవాళ్లు కోమ్ ఎల్ దిక్కా తవ్వకాలు చూడాలి. అలెగ్జాండ్రియా నడిబొడ్డున పోలండు పురావస్తు శాస్త్రజ్ఞులు 20 దాకా పాఠశాల గదులు బయటపెట్టారు. గోడల వెంట రాతి మెట్లు, మధ్యలో గురువు ఆసనం. కాలం అయిదో శతాబ్దం చివర, ఆరో శతాబ్దం. హైపేషియా పోయిన నూరేళ్లకు అదే ఊళ్లో అమ్మోనియస్ అనే మరో పండితుడు అరిస్టాటిల్ చెబుతున్నాడు, క్రైస్తవుడైన అతని శిష్యుడు ఫిలోపోనస్ ఆ అరిస్టాటిల్ చలన సిద్ధాంతాన్నే తప్పుపడుతున్నాడు. వ్యాఖ్యానాల వృత్తి ఆగలేదు.

ఆ తరవాతి వేషాలు చాలా ఉన్నాయి. 1720లో టోలండ్ అనే ఐరిష్ రచయిత ఆమెను చర్చి పెద్దల మీద ఆయుధం చేసుకున్నాడు, వోల్టేర్ కూడా అంతే. యాభై మంది తత్త్వవేత్తలను వాదంలో ఓడించి ప్రాణమిచ్చిన అలెగ్జాండ్రియా కన్య సెయింట్ కేథరిన్ కథ హైపేషియా జ్ఞాపకం నుంచే అల్లుకుందని చాలామంది పండితుల అనుమానం. ఆ లెక్కన ఏ చర్చి పాఠకుడి గుంపు ఆమెను చంపిందో ఆ మతమే మరో పేరుతో ఆమె ముందు కొవ్వొత్తి వెలిగించినట్టు. చంద్రుడి మీద ఒక బిలానికి, 1884లో కనిపెట్టిన ఒక గ్రహశకలానికి ఆమె పేరుంది.

సినీసియస్ ఈ చావు చూడలేదు, 413 ప్రాంతానికే పోయాడు. అప్పటికి ముగ్గురు కొడుకులూ చనిపోయారు, ఊరిని దోపిడీ మూకలు చుట్టుముట్టాయి. మంచం మీంచి చెప్పి రాయించిన ఉత్తరంలో ఆమెను అమ్మా, అక్కా, గురువా, ఉపకారీ అని వరసగా పిలుస్తాడు. మరో ఉత్తరంలో నిష్ఠూరమాడతాడు: మీ దగ్గరి నుంచి ఉత్తరాలు రావడం లేదు, మీరంతా ఎలా ఉన్నారో తెలిస్తే నా కష్టం సగం తగ్గేది అని.